శివారు పొలంలో కొలబద్ద

మా ఇంట్లో 1974 మోడల్ అంబాసిడర్ ఒకటి ఉంది. మార్క్ 2. మా నాన్న కొన్నది. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్నదాన్ని నేను రిటైరయ్యాక బయటికి లాగి మళ్లీ రోడ్డెక్కించాను. దాని డ్యాష్‌బోర్డులో బఠాణీ గింజంత ఎర్ర దీపం ఉంది. తాళం తిప్పగానే వెలుగుతుంది. ఇంజన్ అందుకుని కాస్త పుంజుకోగానే ఆరిపోతుంది. ఆరిందంటే చార్జింగ్ ఎక్కుతున్నట్టేనని మా నాన్న నమ్మకం, ఆయన డ్రైవరు నమ్మకం, చాలాకాలం నా నమ్మకం కూడా. ముప్పై ఏళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఆ దీపం నిజంగా ఏం చెబుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

దాని లోగుట్టు చాలా చిన్నది. దీపానికి ఒక కొస డైనమోకు, రెండో కొస ఇగ్నిషన్ స్విచ్ మీదుగా బ్యాటరీకి కలిపి ఉంటాయి. ఇంజన్ తిరగనప్పుడు బ్యాటరీ వైపు 12 వోల్టులు, డైనమో వైపు సున్నా. రెండిటి మధ్యా తేడా ఉంది కాబట్టి దీపం గుండా కరెంటు పారుతుంది, వెలుగుతుంది. డైనమో తిరిగి బ్యాటరీతో సమానమైతే తేడా ఉండదు, దీపం ఆరుతుంది. అంటే ఆ దీపానికి తెలిసిందల్లా ‘ఇటూ అటూ సమానం’ అన్న ఒక్క ముక్కే. ఆ సమానం ఎంత దగ్గర, అన్నది దానికి పట్టదు. మేం ‘కటౌట్’ అని పిలిచే రెగ్యులేటర్ డబ్బా పాడై వోల్టేజి పదిహేనున్నరకు ఎగబాకి బ్యాటరీలో నీళ్లు తెర్లిపోతున్నా దీపం ఆరే ఉంటుంది. బెల్టు వదులై చార్జింగ్ అరకొరగా ఎక్కుతున్నా దాదాపు అంతే.

అరకొర చార్జింగ్ ఈ కార్ల పుట్టుకలోనే ఉంది. లూకాస్ సీ40 రకం డైనమో ఎంత వేగంగా తిరిగినా ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. వాన కురిసే రాత్రి ఖర్చు చూడండి: హెడ్‌లైట్లకు 9, ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు, వైపర్‌కు 3, వెనక దీపాలకూ డ్యాష్ దీపాలకూ 2. పదిహేడు దాటింది. కారు పరుగెత్తుతుంటే చాలీచాలని సంసారంలా ఎలాగో నెట్టుకొస్తుంది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే, డైనమో ఇచ్చేది ఏమీ ఉండదు. ఆ పదిహేడూ బ్యాటరీ చేతి నుంచే పోవాలి. అరగంట జామ్‌లో ఇరుక్కుంటే తొమ్మిది ఆంపియర్-అవర్లు హరీ. యాభై ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది ఆరో వంతు. ఇంటికి చేరాక బండి ఆపి, పొద్దున సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఊరుకుంటుంది.

ఇలా రెండుసార్లు తోయించుకున్నాక ఒక మీటరు పెట్టించాలనుకున్నాను.

ఏ మీటరు? ఇక్కడ రెండు పార్టీలు. పాతకాలం మెకానిక్కులు ఆమ్మీటరు అంటారు, తర్వాతి తరం వోల్ట్‌మీటరు అంటుంది. తేడా తెలియాలంటే ఊరి చెరువు దగ్గరికి వెళ్దాం. చెరువు కట్ట దగ్గర నీళ్లలో గీతలు కొట్టిన కొలబద్ద పాతి ఉంటుంది. ఎన్ని అడుగుల నీళ్లున్నాయో అది చెబుతుంది. అది నీటిని అడ్డుకోదు, తాగదు, పక్కన నిలబడి చూస్తుంది. వోల్ట్‌మీటరు అలాంటిది. తూము గుండా ఎంత నీరు పోతోందో కొలవాలంటే మాత్రం తూములోనే కూర్చోవాలి, పారే నీరంతా నీ మీదుగానే పోవాలి. ఆమ్మీటరు పని అది. బ్యాటరీలోకి వెళ్లేదీ బయటికొచ్చేదీ, సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లు తప్ప, ప్రతి ఆంపియరూ డ్యాష్‌బోర్డు దాకా వచ్చి ఆ మీటరు గుండా తిరిగి వెళ్లాలి.

ఆమ్మీటరు చెప్పే కబురు సూటిగా ఉంటుంది, కాదనను. సూది కుడికి వాలితే రాబడి, ఎడమకు వాలితే ఖర్చు. కానీ దాన్ని పాత కారులో కొత్తగా పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎందుకో లెక్క వేద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగ మీటరు పొడవుకు 0.017 ఓములు. బానెట్ కింది నుంచి డ్యాష్‌కు వెళ్లి రావడానికి మూడు మీటర్లు అనుకుంటే 0.05 ఓములు. అందులో 20 ఆంపియర్లు పోతే ఒక వోల్టు దారిలోనే హారతి. ఇరవై వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అది, ఎప్పటిదో బట్ట చుట్టిన వైరింగ్ పక్కన. ఆరు చదరపు మిల్లీమీటర్ల లావు తీగ వేస్తే వేడి ఆరో వంతుకు దిగుతుంది, నిజమే. కానీ ఆ దారిలో సాధారణంగా ఫ్యూజు ఉండదు. తీగ ఎక్కడైనా రేకుకు రాసుకుని పొర చిరిగిందా, బ్యాటరీ తన శక్తినంతా అక్కడే కుమ్మరిస్తుంది. మంచి బ్యాటరీ లోపలి నిరోధం ఒక ఓములో నూరో వంతు ఉంటుంది, అంటే నేరుగా షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లు దాటవచ్చు. మళ్లీ ఎర్ర దీపమే నయం అనిపిస్తుంది.

అలా వోల్ట్‌మీటరుకే ఓటేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో దొరికింది. గుండ్రటి డయల్, నల్ల నేల, తెల్ల అంకెలు, 8 నుంచి 16 దాకా. అంబాసిడర్‌లో పుట్టిందేమీ కాదు, ఏ జీపులోంచో ఊడొచ్చింది. చూపులకు మాత్రం తోబుట్టువులా ఉంది.

మూత విప్పి చూశాను, చూడకుండా ఉండగలనా. లోపల గుర్రపునాడా లాంటి అయస్కాంతం, దాని దవడల మధ్య సన్నటి తీగ చుట్టిన చట్రం, దానికి గడియారంలో ఉండేలాంటి వెంట్రుకంత స్ప్రింగు. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఓర్‌స్టెడ్ చూశాడు. దాన్ని తిరగేసి, అయస్కాంతాన్ని కదలకుండా ఉంచి తీగచుట్టనే తిప్పే మీటరును ఫ్రాన్సులో దార్సన్‌వాల్, దెప్రే 1882లో తయారుచేశారు. చుట్ట తిరగాలని చూస్తుంది, స్ప్రింగు వద్దంటుంది. ఇద్దరి బలం సరితూగిన చోట సూది ఆగుతుంది. కాబట్టి ఇది నిజానికి కరెంటునే కొలుస్తోంది. చుట్టతో వరసగా పెద్ద నిరోధం పెట్టి దాన్ని వోల్ట్‌మీటరు చేశారంతే. 16 వోల్టులకు ఒక మిల్లీఆంపియర్ పారేలా 16,000 ఓములు పెడితే, ఒక్కో వోల్టుకూ ఆంపియర్‌లో పదహారువేలో వంతు. అదే చుట్టకు పక్కన లావు రాగి పట్టీ కలిపి, కరెంటునంతా పట్టీ గుండా పంపి, రవ్వంత మాత్రం చుట్టకు వదిలితే ఆమ్మీటరు. మా క్లాసులో దీన్ని సూత్రాలతో చెప్పేవాణ్ని. మూత విప్పిన మీటరు ఒక్కటి తీసుకెళ్లి చూపించి ఉంటే సగం గంట మిగిలేది.

ఇక వైరింగ్. అంబాసిడర్ పుట్టింటి పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైనా, లోపలి తీగల భాష మాత్రం బర్మింగ్‌హామ్ లూకాస్ వాళ్లదే. గోధుమరంగు తీగ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎప్పుడూ నిప్పే. తెలుపు అంటే తాళం తిప్పితేనే ప్రాణం వచ్చేది. ఆ తెలుపు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది. ఎరుపు పక్కదీపాలకు, ఎరుపు మీద తెల్లచార డ్యాష్ దీపాలకు, నలుపు ఎర్త్‌కు. ఈ రంగులు తెలిస్తే ముప్పై తీగల కట్టలోంచి కావలసినదాన్ని చుట్టాన్ని పలకరించినట్టు పట్టుకోవచ్చు. యాభై ఏళ్ల మకిలి పట్టాక గోధుమా ఎరుపూ ఒకేలా కనిపిస్తాయి, ఆ జాగ్రత్త వేరు. కట్ట మీది టేపు కొంచెం విప్పితే లోపల అసలు రంగు దాగి ఉంటుంది.

మీటరుకు ఆకుపచ్చ తీగ సరైనదని పుస్తకాల్లో ఉంటుంది: తాళం తీస్తే ఆగిపోతుంది, ఫ్యూజు రక్షణ ఉంటుంది. నా మీటరు తాగేది ఒక మిల్లీఆంపియరే కాబట్టి రాత్రింబవళ్లు కలిపి ఉంచినా బ్యాటరీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ వేడికి వంగే జంటలోహపు పట్టీతో పనిచేసే మీటర్లు ఉన్నాయి, వాటికి ఆంపియర్‌లో పదో వంతు దాకా కావాలి. అలాంటిదాన్ని బ్యాటరీకే కలిపేస్తే రోజుకు 2.4 ఆంపియర్-అవర్లు. కారు కదలకుండా మూడు వారాలుంటే చాలు, బ్యాటరీ ఖాళీ.

పని రోజున మా ఆటో ఎలక్ట్రీషియనూ నేనూ మొదట బ్యాటరీ ఎర్త్ కేబుల్ ఊడదీశాం. ఎర్తే మొదట ఎందుకంటే, స్పానర్ జారి బాడీకి తగిలినా అటూ ఇటూ ఒకే మట్టం కాబట్టి ఏమీ కాదు. రెండో కేబుల్‌తో మొదలుపెడితే అదే స్పానర్ మెరుపై మాట్లాడుతుంది. ఏ టెర్మినల్ బాడీకి బిగించి ఉందో కూడా చూసుకోవాలి. 1960ల నడుమ దాకా బ్రిటిష్ కార్లలో చాలావాటికి ప్లస్సే ఎర్త్. నా మీటరును అలాంటి బండిలో తిరగేయకుండా పెడితే సూది ఎడమవైపు గోడకు తల కొట్టుకుంటుంది. జంటలోహపు మీటరుకు ఆ పట్టింపు లేదు. వేడికి ప్లస్సేమిటి, మైనస్సేమిటి.

ఫ్యూజు డబ్బా దగ్గర ఆకుపచ్చ టెర్మినల్ నుంచి ఒక తీగ, దాని మొదట్లోనే ఒక ఆంపియర్ ఫ్యూజు. మీటరును కాపాడ్డానికి కాదు, తీగను కాపాడ్డానికి. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య రేకులో కన్నం అంచు కత్తిలా ఉంటుంది కనుక తీగకు రబ్బరు గ్రామెట్ తొడిగాం. డ్యాష్‌లో కొత్త రంధ్రం కొట్టనివ్వలేదు, కింద ఒక పట్టీ బిగించి దానికి మీటరు తగిలించాం. మీటరు ఎర్తూ, దానిలోని బుల్బు ఎర్తూ కలిపి ఒకే లగ్‌కు, అంటే తీగ చివరి లోహపు ఉంగరానికి, వేసి ఆ పట్టీ స్క్రూ కిందే నొక్కేశాం. ఈ ఒకే లగ్ సంగతి గుర్తుంచుకోండి.

మొదటి వారమే సూది నన్ను బెదరగొట్టింది. ఆగస్టు వాన, వైపర్లు ఆడుతున్నాయి, ఇంజన్ మంచి వేగంలో ఉంది. సూది పన్నెండున్నర మీద వాలి కూర్చుంది. పధ్నాలుగుకు కాస్త ఇటుగా ఉండాల్సిన చోట అది. డైనమో పోయిందనుకున్నాను. కార్బన్ బ్రష్‌లు కొనడానికి కూడా బయలుదేరాను. మా ఆటో ఎలక్ట్రీషియన్ ఆపాడు.

“మేష్టారూ, డైనమో జోలికి పోకండి. సూదిని చూడండి ముందు.”

ఇండికేటర్ వేశాడు. లోపల టిక్కు టిక్కు మంటుంటే సూది కూడా దానితోపాటు తాళం వేస్తోంది. వైపర్ ఆపితే సూది కొంచెం లేస్తుంది, వేస్తే దిగుతుంది.

“డైనమో పోతే ఇట్లా ఎగరదండీ. కాలువలో పూడికుంది.”

అతను ఏదో మాటవరసకు అన్నాడుగానీ, నాకు మళ్లీ చెరువే కళ్లముందు కదిలింది. కొలబద్దను కట్ట దగ్గర పాతితే చెరువు మట్టం తెలుస్తుంది. దాన్నే కాలువ చివర, శివారు ఆయకట్టులో పాతితే? పైనున్న రైతులు తూములెత్తిన గంటలో అక్కడి నీరు జారిపోతుంది. కాలువలో పూడిక పేరుకుంటే మరీను. కొలబద్దలో తప్పు లేదు, చెరువూ ఎండలేదు. కొలిచిన చోటు వేరు. నేను వోల్ట్‌మీటరును బ్యాటరీకి పెట్టాననుకున్నాను. పెట్టింది ఆకుపచ్చ తీగ చివరకి. బ్యాటరీకీ దానికీ మధ్య ఒక ఇగ్నిషన్ స్విచ్, ఒక ఫ్యూజు, నాలుగైదు అతుకులు ఉన్నాయి. నా మీటరు తాగే మిల్లీఆంపియర్‌తో ఈ దారిలో ఏమీ నష్టం లేదు. కానీ అదే దారిని వైపర్, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు కూడా పంచుకుంటాయి. వాళ్లు లాగే ఆంపియర్లకు దారిలోని ప్రతి నిరోధం దగ్గరా కొంత వోల్టేజి రాలిపోతుంది. ఓమ్ చెప్పినది ఇంతే.

మల్టీమీటరు నల్ల ముల్లును బ్యాటరీ మైనస్ మీద ఉంచి, ఎర్ర ముల్లుతో దారి పొడవునా నడిచాం, ఇంజన్ ఆన్‌లో, వైపర్లు ఆడుతుండగా. బ్యాటరీ మీద 13.9. డైనమో గుండ్రాయిలా ఉందన్నమాట. ఫ్యూజు డబ్బాకు వచ్చే గోధుమ తీగ దగ్గర 13.8. ఇగ్నిషన్ స్విచ్ దాటి వచ్చిన తెలుపు దగ్గర 13.2. ఫ్యూజు అవతల ఆకుపచ్చ దగ్గర 12.7. మీటరు ఎర్త్ వైపు ఇంకో పదో వంతు. సూదికి దక్కింది 12.6. పదో వంతు వోల్టు చొప్పున పదమూడు మెట్లు దిగిన లెక్క ఎక్కడికక్కడ తేలిపోయింది: స్విచ్ 0.6, ఫ్యూజు 0.5, మిగతా రెండు చోట్లా చెరో 0.1.

ఫ్యూజు దగ్గర అర వోల్టు రాలడమంటే మాటలు కాదు. ఐదు ఆంపియర్లు పోతున్నాయనుకుంటే 0.1 ఓము నిరోధం, రెండున్నర వాట్ల వేడి, చిటికెన వేలంత గాజు ఫ్యూజు చివర్న. వేలు పెట్టి చూశాను, చురుక్కుమంది. ఫ్యూజు పట్టుకునే ఇత్తడి క్లిప్పులకు పచ్చటి చిలుము పట్టింది. జీరో నంబర్ ఎమరీ పేపరుతో రుద్ది, క్లిప్పుల దవడలు కాస్త దగ్గరికి నొక్కి పెడితే అక్కడి తేడా 0.05కు దిగింది. సూది పదమూడు దాటింది.

ఇక్కడ నా తోటి పాత కార్ల పిచ్చివాళ్లు ఒక సలహా ఇస్తారు: గోధుమ తీగకే నేరుగా కలిపేయండి, సరైన రీడింగ్ వస్తుంది. నేను ఒప్పుకోను. వైపర్‌కు అందిందీ, ఇండికేటర్‌కు అందిందీ ఆ పన్నెండున్నరే. వాన రాత్రి వైపర్లు నీరసంగా ఊగడానికి కారణం ఆ సూదే చెప్పింది. శివారు రైతుకు చెరువు నిండుగా ఉందని చెబితే కడుపు నిండదు. బ్యాటరీ సంగతి కావాలంటే మల్టీమీటరు చాలు. ఆకుపచ్చ తీగ మీది మీటరు, దారి సంగతి కూడా కలిపి చెబుతుంది.

రెండో బెదిరింపు ఇంకా చిత్రం. నెల తర్వాత ఒక సాయంత్రం చీకటి పడుతుంటే లైట్లు వేశాను. సూది దభీమని ఎడమ చివరికి పడిపోయింది. లైట్లు ఆర్పాను, లేచి నిలబడింది. హెడ్‌లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. వోల్టులు లేకుండా అవి ఎలా వెలుగుతాయి?

ఇక్కడ ఆగి కొంచెం ఆలోచించండి, నేను రెండు రోజులు ఆలోచించాను.

తప్పు ఆ ఒకే లగ్‌ది. పట్టీకి నల్లరంగు కొట్టి ఉంది, స్క్రూ ఆ రంగు పొర మీదే కూర్చుంది. మొదట్లో ఎక్కడో గీరుకున్న చోట ఇనుము తగిలి పని జరిగింది, కారు కుదుపులకు అదీ పోయింది. అంటే మీటరుకు ఎర్త్ లేదు. అయినా పగలు సరిగ్గానే చూపిస్తోందే! మీటరు కరెంటు ఎర్త్ దొరక్క, అదే లగ్‌లో ఉన్న చిన్న బుల్బు గుండా వెనక్కి నడిచి, ఎరుపు-తెలుపు తీగలోకి వెళ్లి, డ్యాష్‌లోని మిగతా బుల్బుల గుండా బాడీకి చేరుకుంది. దొడ్డిదారి. మిల్లీఆంపియర్‌కు బుల్బుల నిరోధం ఒక లెక్కా, పదహారువేల ఓముల పక్కన. అందుకే రీడింగులో తేడా రాలేదు. లైట్లు వేయగానే ఆ ఎరుపు-తెలుపు తీగకే బ్యాటరీ వోల్టేజి వచ్చింది. మీటరుకు అటూ బ్యాటరీయే, ఇటూ బ్యాటరీయే. తేడా లేదు. సూది పడిపోయింది, మా ఎర్ర దీపం ఆరే కారణంతోనే.

పట్టీ రంగు గీకి, లగ్‌కు పళ్ల వాషర్ వేసి, మీటరుకు వేరుగా ఒక నల్ల తీగ ఇంజన్ గది ఎర్త్ బోల్టు దాకా లాగాం. పని ఐదు నిమిషాలు.

ఇప్పుడు సూదిని చదవడం అలవాటైంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున తాళం తిప్పి, ఏదీ వేయకుండా చూస్తే 12.6 ఉండాలి. ఒక్కో గది 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు. 12.2 ఉంటే సగం ఖాళీ. పన్నెండు లోపుకు దిగితే తోసేవాళ్లను పిలుచుకోవాలి. నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య మంచిది, కానీ ఆ అంకెలు పాతిక డిగ్రీల వేడికి రాసినవి. బ్యాటరీ వేడెక్కితే లోపలి రసాయనానికి తక్కువ వోల్టేజే చాలు, డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టుల చొప్పున. మే నెలలో మా బానెట్ కింద బ్యాటరీ 45 డిగ్రీల దగ్గర ఉంటే 0.4 వోల్టు తగ్గించుకోవాలి. అప్పుడు 14.4 కనిపిస్తే సంతోషించకూడదు, డిస్టిల్డ్ వాటర్ సీసా తీసుకుని బ్యాటరీ మూతలు విప్పాలి.

బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు సూది మెల్లగా 12 వైపు జారుతుంది, ఎర్ర దీపం సన్నగా మిణుకుమంటుంది. ఒకప్పుడు ఆ మిణుకు చూసి గుండె దడదడలాడేది. ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో వేసి యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచుతాను, పెట్రోలు పోతే పోయింది. ఇండికేటర్ వేస్తే సూది ఇంకా రవ్వంత ఆడుతూనే ఉంటుంది. అది ఇగ్నిషన్ స్విచ్ లోపలి 0.6 వోల్టు. ఆ స్విచ్ విప్పాలంటే దాని చుట్టూ ఉన్న బేక్‌లైట్ గట్టు పగలకుండా తీయాలి, పగిలితే ఆటోనగర్‌లో కూడా దొరకదు. అందుకని ఇంకా విప్పలేదు.